కల్వర్టు దాటని బస్సు

మా ఊళ్ళో నన్ను ‘ఊఁ మామ’ అంటారు. ఎవరేం చెప్పినా ఊఁ అని ఊరుకుంటానని ఆ పేరు. నాకేం కోపం లేదు. నేను కమ్మరిని. పొద్దస్తమానం సుత్తి మోగే చోట బతికేవాడి దగ్గర మాటలు ఎక్కడ నిలుస్తాయి? మూడో తరగతితో బడి మానేసి కొలిమి ముందు కూర్చున్నాను. అప్పట్నుంచీ నాకు బదులు సుత్తే మాట్లాడుతోంది.

మా ఆవిడ అలా కాదు. గోడ ఎదురైనా పలకరించే మనిషి. అలాంటి మనిషి పెళ్ళయిన దగ్గర్నుంచీ కొలిమికి అవతల కూర్చుని తిత్తి లాగింది. ఇవతల నేను, అవతల ఆమె, మధ్యలో నిప్పులు, మోత. పిల్ల పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుని వెళ్ళింది. మేం మాత్రం నిప్పుకు అటొకరం ఇటొకరం అలాగే ఉండిపోయాం. ఆ తర్వాత కరెంటుతో గాలి ఊదే మిషను వచ్చింది. తిత్తి అటకెక్కింది. ఆవిడ చేతులు ఖాళీ అయ్యాయి. పట్నం ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ఉందని ఎవరో చెబితే వెళ్ళి చేరింది. చేరేముందు నన్నూ అడిగింది. ఊఁ అన్నాను.

పొద్దున బస్సుకి వెళ్ళడం, సాయంత్రం బస్సుకి రావడం. మాకున్నది ఆ ఒక్క బస్సే. మావైపు ఊళ్ళు విసిరేసినట్టు దూరదూరంగా ఉంటాయి. మా ఊళ్ళో ఉన్నవి ఒక చేతిపంపు, చిన్న బడి, ఉప్పూ అగ్గిపెట్టెలూ దొరికే కొట్టు, వారానికోసారి డాక్టరు వచ్చే గది. జబ్బు పడేవాళ్ళు డాక్టరు వచ్చే రోజు చూసుకుని పడాలని మావాళ్ళు నవ్వుకునేవాళ్ళు. పన్ను పీకించుకోవాలన్నా, కళ్ళజోడు కావాలన్నా, పోయినవాడు పోయాడని కాగితం తెచ్చుకోవాలన్నా ఆ బస్సెక్కాల్సిందే.

పొట్టి బస్సు. ముసలి బస్సు. ఊరి మొదట్లో కాలువ మీద ఒక కల్వర్టు ఉంది. ఎడ్లబళ్ళ కాలంలో కట్టింది. అక్కడికి రాగానే డ్రైవరు పక్క అద్దాలు రెండూ లోపలికి మడిచి, బస్సును పిట్టగోడల మధ్య నుంచి సూదిలో దారం ఎక్కించినట్టు పోనిచ్చేవాడు. రోజూ జరిగేదే గనక ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆ ఎండాకాలం మొదట్లో కండక్టరు ఒక కబురు మోసుకొచ్చాడు. మా దారిలో బస్సు ఖాళీగా తిరుగుతోందని పైవాళ్ళు అనుకుంటున్నారట. ఒక ఆఫీసరు వస్తాడట, కొన్నాళ్ళు మాతోపాటే బస్సులో తిరిగి ఎక్కేవాళ్ళను లెక్కపెడతాడట. జనం లేకపోతే తొలకరికల్లా బస్సు ఆపేస్తారట. కండక్టరు ఈ కబురు మా గుమ్మం ముందే చెప్పి, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, బెల్లు కొట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఆవిడ మాట్లాడింది. మామూలు గొంతుతోనే అంది.

“బస్సు ఆగిపోతే నేను చెల్లెలి దగ్గర ఉండిపోతాను. కూడలి దాకా నడవడం నా మోకాళ్ళ వల్ల కాదు. సెలవు రోజున వచ్చి పోతుంటాలే.”

కూడలి అంటే పెద్ద రోడ్డు కలిసే చోటు. అక్కడికైతే పట్నం బస్సులు ఎన్నో వస్తాయి. కానీ మా ఊరి నుంచి అక్కడికి రాళ్ళ దారి, పైగా ఎక్కుడు. ఆమె చెల్లెలు పట్నంలో ఆసుపత్రి వెనకే ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. ఎప్పట్నుంచో రమ్మని పిలుస్తోంది.

నేను ఊఁ అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఇంకేమైనా వస్తుందేమోనని చూసినట్టుంది. కంచం తీసుకుని లేచింది.

ఊళ్ళో నలుగురూ చేరేది మా కొలిమి దగ్గరే. ఎండాకాలం వస్తే పనిముట్లన్నీ నా దగ్గరికే వస్తాయి. తొలకరికి ముందే నాగలి కర్రులు సాగదీయాలి, పారలకు పదును పెట్టాలి. ఎవరి పని వాళ్ళు పెట్టి, అయ్యేదాకా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఆ మర్నాడంతా బస్సు కబురే. కొట్టాయన పైవాళ్ళను తిట్టాడు. పంతులమ్మ అర్జీ పెడదామంది. గడియారం అవ్వ, అంటే కొట్టు పక్కింటి ముసలమ్మ, తన కళ్ళ ఆపరేషను ఇంక అయినట్టేనని ముక్కు చీదింది. మా ఊరి దర్జీ నాకు వరసకు బావ అవుతాడు. మెడలో టేపు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. అంతసేపూ వింటూ ఉన్నవాడు టేపు రెండు కొసలూ పట్టుకుని అన్నాడు.

“బస్సు ఖాళీగా పోతోందనేగా వాళ్ళ బాధ. నింపేద్దాం.”

వంతులు వేసుకున్నారు. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా తిరిగి రావడానికి ఉండదు గనక రోజంతా పోతుంది. పొలాల్లో పని లేని కాలం కాబట్టి సరిపోయింది. పక్క ఊళ్ళవాళ్ళకూ కబురు వెళ్ళింది. పనున్నవాళ్ళు పనికి వెళ్ళారు. పనిలేనివాళ్ళు పని కల్పించుకున్నారు. దర్జీ బావ ఒకే ప్యాంటును పట్నానికి తీసుకెళ్ళడం, తీసుకురావడం. గడియారం అవ్వ గోడ మీది గడియారం దించి ఒళ్ళో పెట్టుకుని బయల్దేరింది. అది ఆమె పెళ్ళినాటి నుంచి నిక్షేపంగా నడుస్తోంది.

నా వంతూ వచ్చింది. కొలిమి ముందు కర్రులు కుప్పపడి ఉన్నాయి. అయినా తలుపు వేసి బస్సెక్కాను.

కిటికీ పక్క సీటు మా ఆవిడది. ఎవరూ అందులో కూర్చోరని ఆ రోజే తెలిసింది. ఆమె పక్కన కూర్చున్నాను. ఎదురెదురుగా కూర్చోవడం అలవాటే గానీ పక్కన కూర్చోవడం నాకు కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

బస్సంతా ఆమె మనుషులే. అత్తా అని కండక్టరు, పిన్నీ అని నర్సు చదువుకునే పిల్ల, వదినా అని పాలాయన. ఎవరి పిల్లకు జ్వరమో, ఎవరి గేదె ఈనిందో అన్నీ ఆమెకు తెలుసు. దారిలో ప్రతి ఇంటినీ చూపించింది. ఆ నీలం తలుపు ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోరట, మధ్యలో పిల్లి చేత కబుర్లు పంపుకుంటారట. ఆ మాటకు ముందు సీటువాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు నేను ఎప్పుడు విన్నానో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను.

కొంతదూరం పోయాక నావైపు తిరిగింది.

“ఇక్కడ సుత్తి లేదుగా. ఏదన్నా మాట్లాడు.”

“ఏం మాట్లాడను?”

“అదీ మాటేలే,” అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

సాయంత్రం దాకా ఆసుపత్రి పెరట్లో చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. ఆమె తడి దుప్పటి ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఇంకొకామెకు ఇచ్చి మెలిపెట్టి పిండుతోంది. తాడు మీద ఆరేసి, అంచులు లాగి, అరచేత్తో తట్టి ముడతలు తీస్తోంది. పనిచేసినంతసేపూ మాట్లాడుతూనే ఉంది. అడ్డంగా నిప్పు లేదు, మోత లేదు.

మధ్యాహ్నం మా మరదలు వచ్చి తన గదికి తీసుకెళ్ళింది. చిన్న గది. శుభ్రంగా ఉంది. గోడకే పంపు ఉంది. “చూడు బావా, తిప్పితే నీళ్ళు. మీ ఊళ్ళో మా అక్క బిందె మోసీ మోసీ నడుం పోయింది,” అంది. మంచం వేసే చోటు కూడా చూపించింది. నేను పంపు తిప్పాను. నీళ్ళు వచ్చాయి. కట్టేశాను. మళ్ళీ తిప్పాను.

“పాడుచేస్తావా ఏమిటి,” అంది మరదలు నవ్వుతూ.

ఆ గదికి వంక పెడదామని నాలుగు మూలలూ చూశాను. వంక దొరకలేదు. మోకాళ్ళు నొప్పులున్న మనిషికి పని చేసే చోటు పక్కనే గది, గదిలోనే నీళ్ళు. వద్దని చెప్పడానికి నా దగ్గర ఏముంది? మా ఇంట్లో నేనున్నాను, అంతే.

తర్వాతి వారం ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడే. ఇలాంటి దారిలో ఎప్పుడూ ప్రయాణం చేసినట్టు లేదు, మొదటి రోజు కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకున్నాడు. మా ఆవిడ వీపు రాసి నీళ్ళిచ్చింది. అతని చేతిలో మనుషుల్ని లెక్కపెట్టే చిన్న మీట ఉంది. మనిషి ఎక్కగానే టక్కున నొక్కుతాడు. మావాళ్ళకు ఆ టక్కు వినడం ఒక సరదా అయిపోయింది. రోజురోజుకూ జనం పెరిగారు. సీట్లు నిండాయి, నడవ నిండింది, ఆఖరికి మెట్ల మీద కూడా వేలాడారు. ఆఫీసరు అందరినీ దేనికి వెళ్తున్నారని అడిగేవాడు.

“అవ్వా, గడియారం ఇంకా బాగవలేదా?”

“బాగైంది నాయనా. బాగైందో లేదో చూపించుకొస్తున్నాను.”

నా రెండో వంతు రోజున నన్నూ అడిగాడు. నేను ఊఁ అన్నాను. అతనికి అర్థం కాలేదు.

“మావారు సార్, ఆసుపత్రికి వస్తున్నారు,” అంది మా ఆవిడ.

“ఏం జబ్బు?”

“మాట రాదు సార్.”

బస్సంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆఫీసరు మాత్రం పాపం నా భుజం తట్టాడు.

ఎండలు ముదిరేసరికి కండక్టరు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. బస్సు ఆపరట. ఆపకపోవడమే కాదు, ఇంతమంది ఎక్కుతున్న దారికి ఆ పొట్టి బస్సు చాలదని, కొత్తది, పెద్దది వేస్తున్నారట. కొట్టాయన అందరికీ చాక్లెట్లు పంచాడు. గడియారం అవ్వ గడియారాన్ని మళ్ళీ గోడకు తగిలించింది. ఆ రోజు నా సుత్తి తేలిగ్గా లేచింది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, “ఇవాళ దరువు మారిందే,” అంది.

కొత్త బస్సు వచ్చే పొద్దున ఊరంతా రోడ్డు మీదే ఉంది. పంతులమ్మ పిల్లలను వరసగా నిలబెట్టింది. దూరం నుంచి దుమ్ము లేచింది. ముందు హారన్ వినబడింది, తర్వాత బస్సు కనబడింది. ఇంత పొడుగు, ఇంత వెడల్పు, తళతళా మెరిసే అద్దాలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బస్సు కల్వర్టు దాకా వచ్చి ఆగింది.

డ్రైవరు అద్దాలు మడిచాడు. ఒక అడుగు ముందుకు పోనిచ్చాడు. ఆగాడు. కిందికి దిగాడు. కల్వర్టు వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు, మళ్ళీ కల్వర్టు వైపు చూశాడు. చప్పట్లు ఆగిపోయాయి.

దర్జీ బావ మెడలోంచి టేపు తీసుకుని వెళ్ళాడు. బస్సు మొహానికి ఈ చివర నుంచి ఆ చివరకు పట్టి కొలిచాడు. పిట్టగోడల మధ్య వంగి కొలిచాడు. ఒకసారి చాలక రెండోసారి కూడా కొలిచాడు. లేచి నావైపు తిరిగాడు.

“కుట్లు విప్పినా పట్టదు బావా.”

ఎవరూ నవ్వలేదు. బస్సు వెనక్కి వెనక్కి పోయి, తిరగడానికి చోటు దొరికే దాకా అలాగే వెళ్ళి, కూడలి వైపు మళ్ళింది. దుమ్ము సద్దుమణిగాక గడియారం అవ్వ అంది.

“మరీ ఎక్కువ ఎక్కేశాం.”

అప్పుడు నవ్వారు. కొందరు నవ్వలేక కూర్చున్నారు.

దర్జీ బావా పంతులమ్మా పట్నం వెళ్ళి మాట్లాడి వచ్చారు. పాత బస్సు తుక్కు కింద పోయిందట. ఈ దారి ఇప్పుడు పెద్ద బస్సు దారి అయిందట, అంతమంది ప్రయాణికులున్న చోట చిన్నది నడపకూడదట. కల్వర్టు సంగతి కాలువవాళ్ళను అడగాలట. కాలువవాళ్ళు వానలు వెళ్ళాక చూద్దామన్నారట. అందాకా కూడలి దగ్గర ఎక్కండి అన్నారు. నడవగలిగినవాళ్ళు నడిచారు.

మా ఆవిడ కూడా కొన్నాళ్ళు నడిచింది. వచ్చేసరికి మోకాళ్ళు పొంగి ఉండేవి. గుమ్మంలో కూర్చుని వేడినీళ్ళ గుడ్డ వేసుకునేది. నీలం తలుపు అన్నదమ్ముల కబుర్లు లేవు, ఏ కబుర్లూ లేవు. నడిచొచ్చిన మనిషికి మాట్లాడే ఓపిక మిగలలేదు. ఒక సాయంత్రం పెట్టె మీదున్న గుడ్డసంచీ దించి, దుమ్ము దులిపి, బట్టలు మడిచి పెట్టింది. ఎల్లుండి నుంచి చెల్లెలి దగ్గర ఉంటానని కబురు పంపానంది.

నేను ఊఁ కూడా అనలేదు. లేచి కొలిమి దగ్గరికి వెళ్ళాను.

మర్నాడు ఊళ్ళోవాళ్ళ కర్రులు పక్కకు నెట్టాను. తొలకరి నెత్తి మీదికొచ్చింది మామా అని ఒకరిద్దరు గొణిగారు. గొణగనిచ్చాను. నా పాత సైకిలును తిరగేసి వెనక క్యారేజీ ఊడదీశాను. ఇనుప పట్టీలు కాల్చి వంచి కొత్తది కట్టాను. కాళ్ళు పెట్టుకోవడానికి రెండు వైపులా మెట్లు, చేతులు ఆనించడానికి కమ్ములు, వీపుకు ఆనుడు. ఇన్నేళ్ళలో నాగలికీ బండికీ కొలతలు తెలుసు గానీ మా ఆవిడ వీపు కొలత నాకు తెలియదు. ఉజ్జాయింపుగా వంచాను. కూర్చునే చోట ఉత్త ఇనుము ఉంది. దాని మీద ఏం వేయాలా అని చూస్తే అటక మీద తిత్తి కనబడింది. దించాను. తోలు పాతబడినా గట్టిగానే ఉంది. ఆమె చేతులు పట్టీ పట్టీ నునుపెక్కిన చోటు కోసి, లోపల గడ్డి కూరి, చుట్టూ మేకులు కొట్టాను.

పొద్దున్నే సైకిలు గుమ్మానికి ఆనించి నిలబడ్డాను. ఆమె సంచీతో బయటికి వచ్చింది.

“ఏమిటిది?”

“సీటు.”

“ఎవరికి?”

“నీకే. కూడలి దాకా తోసుకెళ్తా. సాయంత్రం మళ్ళీ తెస్తా.”

“రోజూనా?”

“రోజూ.”

“మరి నీ పని?”

“ఎక్కడికి పోతుంది?”

“వానొస్తే?”

“తడుస్తాం.”

ఆమె దగ్గరికి వచ్చి సీటు మీద చెయ్యి పెట్టింది. వేళ్ళతో తడిమింది. “తిత్తి తోలు కదూ,” అంది. తర్వాత ఎక్కి కూర్చుంది. సంచీ మాత్రం వదల్లేదు. చెల్లెలికి వస్తానని మాటిచ్చానంది. సంచీని హ్యాండిలుకు తగిలించాను. దారి పొడుగునా అది నా మోకాలికి కొట్టుకుంటూనే ఉంది. ఎక్కుడు దగ్గర చెమటలు పట్టాయి. బస్సు వచ్చింది. సంచీ తీసుకుని ఎక్కింది.

పగలంతా కొలిమి దగ్గర ఏం చేశానో నాకే తెలియదు. ఒక కర్రును కాల్చి కాల్చి పాడుచేశాను. పొద్దు వాలకముందే కూడలికి వెళ్ళి నిలబడ్డాను. ఒక బస్సు వచ్చింది, వెళ్ళింది. అది వేరే ఊరిది. తర్వాత మాది వచ్చింది. పాలాయన దిగాడు. నర్సు పిల్ల దిగింది. ఎవరో ఇద్దరు మూటలతో దిగారు. కండక్టరు బెల్లు తాడు పట్టుకున్నాడు. నేను సైకిలు హ్యాండిలు పట్టుకున్నాను.

ముందు సంచీ దిగింది. దాని వెనక ఆమె.

సంచీ పొద్దున ఎంత ఉబ్బుగా ఉందో అంతే ఉబ్బుగా ఉంది. నా చేతికిచ్చి సీటు మీద కూర్చుని సర్దుకుంది.

“ఈ ఆనుడు మరీ వెనక్కి పడిపోతోంది. రేపు కాస్త ముందుకు వంచు.”

సరేనన్నాను. తోయడం మొదలుపెట్టాను. దిగుడులో సైకిలు తేలిగ్గా నడుస్తోంది. దారి మీద మేమిద్దరమే. సుత్తి లేదు. కొంతదూరం పోయాక నాకే మాట వచ్చింది.

“మీ చెల్లెలి గదిలో పంపు బాగుంది,” అన్నాను.

ఆమె తల తిప్పి చూసింది.

“తిప్పగానే నీళ్ళు వచ్చాయి. నాకు భయమేసింది.”

ఆమె ఒళ్ళో ఉన్న చెయ్యి తీసి, సీటు కమ్మి పట్టుకున్న నా చెయ్యి పక్కన పెట్టింది.

“ఊఁ,” అంది.

ఇంటికి చేరేదాకా నేనే మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇప్పుడు గుర్తు లేదు. ఆ పాడైన కర్రు సంగతి చెప్పినట్టున్నాను.

కాలువవాళ్ళు చూద్దామన్న వానలు వెళ్ళాయి, ఆ తర్వాతా చాలా వానలు వెళ్ళాయి. చివరికి ఒక ఏడు కల్వర్టు పడగొట్టి వెడల్పుగా కట్టారు. పెద్ద బస్సు ఊళ్ళోకి వచ్చింది. సరిగ్గా మా గుమ్మం ముందే ఆగడం మొదలుపెట్టింది. ఆ మర్నాడు మేం మామూలుగానే కూడలిలో ఉన్నాం. కండక్టరు మెట్టు మీదనుంచి వంగి చూశాడు. అతనికీ అప్పటికి జుట్టు నెరిసింది.

“అదేంటత్తా, బస్సు మీ ఇంటి ముందునుంచేగా వస్తోంది. ఇంతదూరం వచ్చి ఎక్కడమెందుకు?”

“మీ సీట్లు మెత్తగా ఉండవబ్బాయ్,” అంది మా ఆవిడ.

అతను నావైపు చూశాడు, నిజమేనా అన్నట్టు.

నేను ఊఁ అన్నాను.